గోదావరి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవిత విశేషాలు రాసి ఇవ్వవలసిందని కార్యదర్శి గారు నన్ను కోరారు. కోనసీమలో ఆ మాట అనగానే అందరికీ ముందు కాటన్ దొర గారే గుర్తుకు వస్తారు. ఆయన చలవ వల్ల మన ఇళ్ళలో అన్నం ఉడుకుతోంది కనుక అది న్యాయమే. కాని ఆయన్ని గురించి పెద్దలు చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. నేను ఈసారి గోదావరికి ఆనకట్ట కట్టిన ఆయన్ని వదిలి, గోదావరిని బొమ్మ కట్టిన ఆయన్ని గురించి రాద్దామనుకున్నాను. ఆయనే రాజమండ్రికి చెందిన చిత్రకారులు కీర్తిశేషులు దామెర్ల రామారావు గారు. 1925 ఫిబ్రవరి 6న పోయారు. 2025 నాటికి నూరేళ్ళు నిండాయి. మన అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఈ పేరు తెలిసిన వారు ఎంతమంది ఉంటారో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నా మాటే చెబుతాను, ఉద్యోగం నుంచి దిగిపోయే వరకు నాకూ తెలియదు.

రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పని చేసిన వాణ్ణి కనుక గోదావరితో నా పరిచయం అంతా కాగితం మీదే. వరద తీశాక లంక గ్రామాల నుంచి లెక్కలు వచ్చేవి. ఏ సర్వే నంబరులో ఎన్ని సెంట్లు కోతకు పోయింది, ఏ ఒడ్డున ఎంత మేట వేసింది, ఎవరి కొబ్బరి చెట్లు ఎన్ని ఏట్లోకి ఒరిగాయి, ఇవన్నీ గళ్ళు గీసి నింపడం మా పని. 1986 ఆగస్టు వరద మన సభ్యుల్లో ఎవరూ మరిచిపోయి ఉండరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన నీరు అది. ఆ తర్వాత కొన్ని నెలల పాటు మా బల్లల మీద కోత, మేట తప్ప వేరే కాగితం ఉండేది కాదు. అంత రాసినా ఆ నీరు ఎలా ఉంటుందో, మట్టిని ఎలా తీసుకుపోయి ఎలా సర్ది పెడుతుందో నేను ఒక్కసారి కూడా సరిగా చూడలేదని, రిటైరయ్యాక రాజమండ్రిలో రామారావు గారి చిత్రశాలలో అడుగు పెట్టిన రోజున అర్థమయింది. మా ఇంటావిడ కంటి పరీక్షకు వెళ్ళి, మధ్యాహ్నం దాకా పొద్దు పోక అందులోకి వెళ్ళాను. అదీ కారణం, ఇందులో గొప్పేమీ లేదు.

రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి నలభై అయిదేళ్ళు. అదే సంవత్సరం చివర గోదావరి మీద పాత రైలు వంతెన పని మొదలయింది. యాభై ఆరు స్పానుల ఆ హేవలాక్ వంతెన 1900 ఆగస్టులో పూర్తయ్యే నాటికి ఈయనకు మూడేళ్ళు నిండాయి. అంటే మనిషి నదిని లొంగదీసుకుంటున్న ఆ రోజుల్లో, ఆ గట్టు మీదనే ఆడుకుని పెరిగిన పిల్లవాడన్న మాట. వీరేశలింగం పంతులు గారూ, చిలకమర్తి వారూ తిరుగాడుతున్న ఊరు అది. చదువుకూ సంస్కరణకూ పేరుపడ్డ ఊరే గాని, బొమ్మలు వేసుకుని బతకవచ్చునని ఎవరూ అనుకునే రోజులు కావు. మధ్యతరగతి ఇంట్లో పిల్లవాడు చదువు వదిలి కుంచె పట్టుకుంటే ఆ కాలపు తల్లిదండ్రులకు ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. నెల జీతం లేదు, ఇంక్రిమెంటు లేదు, చివర పింఛను అసలే లేదు.

ఈయన అదృష్టం కొద్దీ రాజమండ్రి ఆర్ట్సు కాలేజీకి అప్పుడు ప్రిన్సిపాలుగా ఉన్నది ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు. 1909 నుంచి 1919 వరకు ఆ పదవిలో ఉన్నారు. దొరల్లో కూడా ఎన్నో రకాలు. ఈయన స్వయంగా బొమ్మలు వేసేవారు, కథలూ పద్యాలూ రాసేవారు, తెలుగు పిల్లల్లో ఎవరికి ఏ విద్య అబ్బుతుందో కనిపెట్టి దానికి నీరు పోసేవారు. అడివి బాపిరాజు గారు, కవికొండల వేంకటరావు గారు, వరద వెంకటరత్నం గారు, వీరందరూ ఆ నీడన ఎదిగిన వారే. బడి చదువు మీద కంటే గీత మీదనే ధ్యాస ఉన్న రామారావు ఆయన కంట పడడంతో ఆ కుర్రవాడి దారి మారిపోయింది.

కూల్డ్రే గారి పద్ధతి చాలా తేలికైనదిగా కనబడుతుంది గాని, ఆ రోజుకు అది కొత్త. బొమ్మ నేర్చుకోవడం అంటే సీమ నుంచి అచ్చయి వచ్చిన పటాలు ముందు పెట్టుకుని నకలు దింపడం అని అందరూ అనుకుంటున్న కాలంలో, ఆయన పిల్లల్ని వెంటబెట్టుకుని గోదావరి గట్టుకు తీసుకుపోయేవారు. ఎదురుగా ఉన్నదాన్ని చూసి వేయమనేవారు. ఎదురుగా ఉన్నది గోదావరి. అది ఒక గంట ఉన్నట్టు మరో గంట ఉండదు. నకలు తీయడానికి నిలబడదు. ప్రతి సాయంత్రం మళ్ళీ కొత్తగా చూడవలసిందే. ఒక నది ముందు ఇలా ఏళ్ళ తరబడి కూర్చున్న పిల్లవాడికి, నీటి గీత నిటారుగా ఉండదనీ, దేన్ని తాకినా దాని చుట్టూ ఒదిగి పోతుందనీ ఎవరూ చెప్పనక్కరలేదు.

అజంతా వైపు వీరి చూపు తిప్పినదీ ఆయనే. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. అజంతా గుహలు తొలిచిన కొండ కూడా ఒక ఏరు కోసిన కొండే. వాఘూరా అనే చిన్న నది గుర్రపు నాడా ఆకారంలో వంపు తిరిగి, వేల ఏళ్ళు ఆ నల్లరాతిని కోసి నిలువు గోడ నిలబెట్టింది. బౌద్ధ భిక్షువులు వచ్చి ఆ గోడలో గదులు తొలిపించుకున్నారు. ఏరు ముందు కొండను సిద్ధం చేయకపోతే ఆ గోడా లేదు, దాని మీద బొమ్మలూ లేవు.

1916లో రామారావు గారు బొంబాయి వెళ్ళి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్టులో చేరారు. దీనికీ కూల్డ్రే గారి పూనికే కారణం. అక్కడి ప్రిన్సిపాలు సెసిల్ బర్న్స్ ఈయన చేతి పని చూసి, మొదటి తరగతుల్లో కూర్చోబెట్టకుండా నేరుగా పై తరగతిలో చేర్చుకున్నారు. 1920లో చదువు ముగిసింది. ఈ మధ్యలో, 1919లో, వినికిడి బాగా తగ్గిపోవడం వల్ల కూల్డ్రే గారు ఉద్యోగం వదులుకుని ఇంగ్లండు వెళ్ళిపోయారు. గురువు లేని ఊరికి శిష్యుడు తిరిగి రావలసి వచ్చింది. తిరిగి రావడానికి ముందు కొంత కాలం గుజరాతు, కాఠియావాడు ప్రాంతాలు తిరిగి అక్కడి మనుషుల్నీ గోపాలకుల్నీ బొమ్మలు వేసుకున్నారు. బొంబాయిలో ఉండిపోతే కీర్తికీ డబ్బుకూ లోటు ఉండేది కాదు. కాని ఆయన రాజమండ్రి వచ్చేశారు. ఎందుకు వచ్చారో మనం ఊహించనక్కర లేదు, ఆ తర్వాత వేసిన బొమ్మలే చెబుతాయి.

అప్పుడు దేశంలో చిత్రకళ రెండు పాయలుగా ఉంది. బొంబాయి వారిది ఒక పాయ. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని, కండరం ఎక్కడ ఎత్తుగా ఉంది, వెలుగు ఎటు పడింది చూసి, ఉన్నదున్నట్టు వేయడం. కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరు గారిది రెండో పాయ. అందులో మొగలాయి, జపాను పద్ధతులు కలిసి, రంగు మీద రంగు నీళ్ళతో కడుగుతూ పొగమంచులాంటి బొమ్మ తేల్చడం. మన బందరు జాతీయ కళాశాలకు ప్రమోదకుమార చటర్జీ గారు వచ్చి ఈ రెండో విద్యను తెలుగువారికి నేర్పారు. బాపిరాజు గారు ఆ వైపు వెళ్ళారు. రామారావు గారు ఈ రెండింటిలో ఏ ఒక్కదానికీ పూర్తిగా లోబడలేదు. శరీరం తెలిసిన చేయి బొంబాయి ఇచ్చింది, సాగే గీత అజంతా ఇచ్చింది. ఆ గీతను సాగనిచ్చే ఓపిక మాత్రం గోదావరి ఇచ్చిందని నా అభిప్రాయం. చిత్రకళ చదువుకున్న వారు వేరుగా చెప్పవచ్చు, నేను కాదనను.

ఆయన బొమ్మల్లో ప్రసిద్ధమైనవి 'సిద్ధార్థ రాగోదయం', 'పుష్పాలంకరణ', 'ఋష్యశృంగ బంధనం', 'కార్తీక పౌర్ణమి' మొదలైనవి. వీటితోపాటు గోదావరి మీదా, పాపికొండల వైపు తూర్పు కనుమల మీదా వేసిన నీటిరంగుల దృశ్యాలు చాలా ఉన్నాయి. పెన్సిలు గీతల పుస్తకాలు వేరు. ఎక్కడికి వెళ్ళినా పుస్తకం చేతిలో ఉండేదనడానికి అవే సాక్ష్యం.

ఈ నీటిరంగుల సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నాకు అన్నిటి కంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఇదే. నూనె రంగుల్లో తెల్లరంగు పూసి తెలుపు తెస్తారు. తప్పు పోతే దాని మీద మరో పూత వేసి దిద్దుకోవచ్చు. నీటిరంగు అలా కాదు. అందులో తెలుపంటే కాగితమే. నీటి మీద ఎండ తళుకు కావాలంటే అక్కడ రంగు తగలకుండా ముందే వదిలి పెట్టాలి. ఒకసారి రంగు తగిలిన చోటు మళ్ళీ తెల్లబడదు. ఇక రంగు అంటే ఏమిటి? మెత్తగా నూరిన మట్టి, రాతి పొడి, జిగురు, వీటిని మోసుకుపోయే నీరు. తడి కాగితం మీద కుంచె ఆనించగానే నీరు ఆ పొడిని తీసుకుని పరుగెడుతుంది. వేగం తగ్గిన చోట బరువైన రేణువులు ముందు దిగిపోతాయి, కాగితం గరుకులో గుంటలు చూసుకుని కూర్చుంటాయి. తేలికైనవి ఇంకా ముందుకు పోతాయి. మన గోదావరి కూడా చేసేది సరిగ్గా ఇదే కదా. కొండల్లోంచి తెచ్చిన గులకరాళ్ళు పైనే వదిలేస్తుంది, ముతక ఇసుక రాజమండ్రి దగ్గర పరుస్తుంది, సన్నని ఒండ్రు లంకల మీద పెడుతుంది, ఇంకా మెత్తని బురదను అంతర్వేది దాటించి సముద్రంలో కలుపుతుంది. మన కోనసీమ మొత్తం అలా వడపోసి దించిన ఒండ్రే.

మా మనవరాలు ఇంట్లో బొమ్మలు వేసుకుంటుంటే ఒకసారి గమనించాను. కాగితం మీద రంగు నీటి చుక్క ఒకటి పడి ఆరిపోయింది. మధ్యలో లేతగా ఉండి, చుట్టూ అంచు మాత్రం ముదురు గీత కట్టింది. ఎక్కడో చూసిన గీత అనిపించింది. 1986లో వరద తీశాక లంకల్లో ప్రతి ఇంటి గోడకూ, నిలువెత్తున, నీరు నిలిచినంత మేర ఒక మట్టి గీత మిగిలింది. అదే గీత. రామారావు గారి దృశ్య చిత్రాల్లో కొండ వాలు మీద, ఇసుక దిబ్బ అంచున, ఇలాంటి గీతలు కనబడతాయి. కుంచెతో గీసినవి కావు, నీరు ఆరుతూ వదిలినవి. వాటిని ఎక్కడ రానివ్వాలో, ఎక్కడ తడి గుడ్డతో అద్ది తీసేయాలో తెలియడమే ఆ విద్య. అంటే నీటి బొమ్మను నీటి చేతనే వేయించడం. నీటి కదలికను కాగితం మీద పట్టుకోవడానికి లోకంలో ఎందరో తిప్పలు పడ్డారు. ఇటలీలో లియొనార్డో డావించి అయిదు వందల ఏళ్ళ క్రితం సుడులు తిరిగే నీటిని గీసి, అవి జడ అల్లిన వెంట్రుకల మెలికల్లా ఉన్నాయని పోల్చి చూశాడట. జపానులో హొకుసాయి వేసిన పెద్ద కెరటం బొమ్మ ఇప్పుడు చొక్కాల మీద కూడా కనబడుతోంది. మన గోదావరికి ఇంట్లోనే అలాంటి వాడు పుట్టాడని మనం పిల్లలకు చెప్పలేదు.

పాపికొండల దగ్గర నది ఏం చేస్తుందో లాంచీ మీద వెళ్ళి వచ్చిన సభ్యులకు చెప్పనక్కరలేదు. రాజమండ్రి దగ్గర సముద్రంలా పరుచుకున్న నీరు అక్కడ రెండు కొండల నడుమ సన్నబడి, నల్లగా, లోతుగా, చప్పుడు లేకుండా పోతుంది. తూర్పు కనుమలను కోసుకుని వచ్చిన దారి అది. ఆ కోతకు మన సర్వే నంబర్ల లెక్క చాలదు, దాని లెక్క లక్షల ఏళ్ళలో ఉంటుంది. రామారావు గారి రోజుల్లో భద్రాచలం వైపు పడవల మీద, లాంచీల మీద ప్రయాణం. ఆ కొండల నడుమ గోదావరిని ఆయన మళ్ళీ మళ్ళీ వేశారు. ఇప్పుడు పోలవరం దగ్గర ప్రాజెక్టు వచ్చి, ఎగువన నీరు ఎత్తుగా నిలిచే రోజులు వచ్చాయి. ఆనకట్ట వద్దని నేనెలా అంటాను, ఆనకట్ట నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి. కాని నూరేళ్ళ నాటి ఆ ఒడ్డు రేఖ ఎలా ఉండేదో రేపు ఎవరికైనా కావలసి వస్తే, ఈ బొమ్మలూ ఒక సాక్ష్యంగా నిలుస్తాయి.

'ఋష్యశృంగ బంధనం' కథ మన తరం వారందరికీ హరికథల్లో విన్నదే. అంగదేశంలో వానలు కురవక ప్రజలు అల్లాడుతుంటే, ఆడవాసన ఎరుగని ముని కుమారుణ్ణి రప్పిస్తే వర్షం పడుతుందని చెప్పగా, రోమపాద మహారాజు వారకాంతల్ని పంపుతాడు. భారతంలో వాళ్ళు పడవ మీద ఆశ్రమం కట్టుకుని నది మీద తేలుతూ వస్తారు. ముని కదిలాడు, మేఘం కదిలింది. ఈ కథను ఎంచుకోవడంలోనే రామారావు గారి మనసు తెలుస్తోంది. పైకి శృంగార కథ, లోపల నీటి కథ. ఈ చిత్రానికి కలకత్తా ప్రదర్శనలో వైస్రాయి బహుమతి వచ్చింది. అప్పటి వైస్రాయి లార్డ్ రీడింగ్ ఈయన ప్రకృతి దృశ్యం ఒకటి కొనుక్కున్నారు. 1924లో లండను వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనకు కూడా ఈయన బొమ్మలు వెళ్ళాయి. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏడు. ఆ వయస్సులో నేను ప్రొబేషను పూర్తి కావడానికి డిపార్టుమెంటు పరీక్షలు రాసుకుంటున్నాను.

ఆయన మనుషుల బొమ్మల్లో కూడా నాకు నీరే కనిపించింది. 'సిద్ధార్థ రాగోదయం'లో యువరాజు ముందుకు వచ్చే కన్నెల వరుస ఉంది. కానుకలందుకోవడానికి వచ్చిన వారిలో చివర యశోధర రావడం, సిద్ధార్థుని మనసు కదలడం కథ. ఒకరి భుజం దగ్గర ఆగిన గీత మరొకరి చీర కుచ్చెళ్ళలో కొనసాగుతుంది. చూపు ఎక్కడా తట్టుకోకుండా పోతుంది. 'కార్తీక పౌర్ణమి' సంగతి చివర చెబుతాను.

తిరిగి వచ్చి స్థిరపడ్డాక ఆయన చేసిన పెద్ద పని, తన విద్యను తన దగ్గరే ఉంచుకోకపోవడం. 1922-23 నాటికి రాజమండ్రిలో చిత్రకళాశాల, దానికి తోడుగా ఆంధ్ర చిత్రకళా సమితి ఏర్పడ్డాయి. చిన్ననాటి స్నేహితులు వరద వెంకటరత్నం గారు కుడిభుజంగా నిలబడ్డారు. చామకూర భాష్యకార్లు గారు మొదలైన వారు ఆ జట్టులో వారే. ఇంట్లో భార్య సత్యవాణి గారికి కుంచె పట్టడం నేర్పారు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణి అయ్యారు. నూరేళ్ళ క్రితం మన ఇళ్ళలో ఆడవారికి ఉత్తరం రాసుకునే పాటి చదువు చెప్పించడమే గొప్ప. అలాంటప్పుడు భార్యనూ చెల్లెల్నీ పక్కన కూర్చోబెట్టుకుని రంగులు కలపడం నేర్పిన మనిషి ఎలాంటివాడో ఆలోచించండి. ఆయన వైస్రాయి బహుమతి కంటే నాకు ఇదే పెద్దదిగా కనబడుతుంది.

1925 ప్రారంభంలో ఆయనకు మశూచి సోకింది. ఫిబ్రవరి 6న పోయారు. మరో నెల గడిస్తే ఇరవై ఎనిమిది నిండేవి.

మశూచి అంటే ఈనాటి పిల్లలకు తెలియదు. మన భుజాల మీద గుండ్రటి మచ్చలు చూసి ఇవేమిటని అడుగుతారు. మనకు చిన్నప్పుడు టీకాలవాడు వస్తున్నాడంటే ధాన్యపు గాదెల వెనక దాక్కోవడం గుర్తు. దేశంలో చివరి కేసు 1975లో కనబడింది, 1977లో మన దేశానికి ఆ జబ్బు పోయిందని ధ్రువపత్రం ఇచ్చారు. రామారావు గారు యాభై ఏళ్ళు ముందు పుట్టారు, అంతే. బొంబాయి చదువు ముగిసి ఇంటికి వచ్చాక ఆయనకు దక్కినది అయిదేళ్ళ లోపు కాలం. మనం పేరు చెప్పుకునే బొమ్మల్లో చాలా భాగం ఆ కొద్ది ఏళ్ళలో వేసినవే.

ఇక్కడితో కథ అయిపోయి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. ఎందరో చిత్రకారుల బొమ్మలు వారు పోయాక బంధువుల అటకల మీదకీ, అక్కడి నుంచి చెదలలోకీ పోయాయి. కాగితం మీద నీటిరంగుకు ముగ్గురు శత్రువులు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది, చెమ్మ తగిలితే బూజు పడుతుంది, పురుగు సరేసరి. గోదావరి జిల్లాల చెమ్మ సంగతి చెప్పాలా? మా ఆఫీసు రికార్డు గదిలో ముప్పై ఏళ్ళ అడంగళ్ళు చేతిలో పొడి అయిపోవడం నేను కళ్ళారా చూశాను. అవి ప్రభుత్వ కాగితాలు, వాటికి గది ఉంది, బీరువా ఉంది, రికార్డు అసిస్టెంటు ఉన్నాడు. అయినా మిగల్లేదు. మరి ఒక ఇరవై ఏడేళ్ళ కుర్రవాడి బొమ్మలు ఎలా మిగిలాయి?

మిగల్చాలని కొందరు పట్టుబట్టి కూర్చున్నారు కనుక మిగిలాయి. సత్యవాణి గారూ, వరద వెంకటరత్నం గారూ, తక్కిన మిత్రులూ ఆ బొమ్మలను చెదరనివ్వలేదు. ఒకటొకటిగా అమ్ముకుంటే ఆ రోజుల్లోనూ కొనే జమీందార్లు ఉన్నారు. అమ్ముకోలేదు. రామారావు గారి పేరుతో చిత్రశాల నిలబెట్టి, అన్నిటినీ ఒక్కచోట ఉంచారు. వెంకటరత్నం గారు స్వయంగా మంచి చిత్రకారులు. ఆయన తన బొమ్మలు తాను వేసుకుంటూ తన పేరు తాను పెంచుకోవచ్చు. దానికి బదులు పోయిన స్నేహితుని బడిని నడిపారు, పిల్లలకు గీత నేర్పారు, ఆ బొమ్మలకు కాపలా కాశారు. తర్వాత కాలంలో ప్రభుత్వం చిత్రశాల బాధ్యత తీసుకుంది. కూల్డ్రే గారు ఇంగ్లండులో 1958 వరకు బతికే ఉన్నారు. తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాడైన శిష్యుడు పోయాక ముప్పై మూడేళ్ళు. అప్పటికే మన ప్రాంతపు జ్ఞాపకాలతో ఆయన ఒక పుస్తకం ప్రకటించి ఉన్నారు, అది 1924 నాటిది, అంటే శిష్యుడు బతికి ఉండగానే.

నేను మొదటిసారి వెళ్ళిన రోజున చిత్రశాలలో నేనూ, మా ఇంటావిడా తప్ప మరెవరూ లేరు. ఆవిడ కళ్ళలో మందు వేసి ఉండడం వల్ల ఆవిడకు బొమ్మలు మసకగా కనిపిస్తున్నాయి. నేను ఒక్కొక్కటి చెబుతుంటే వింటూ నడిచింది. గోదావరి దృశ్యాల దగ్గర నేను మాట రాక ఆగిపోయాను. నా రిజిస్టరులో కోత అని ఒక గడి, మేట అని ఒక గడి. ఒకటి నష్టం, ఒకటి లాభం. ఈయన కాగితం మీద ఆ రెండూ ఒక్క గీతే. వంపు బయటి వైపు నది కోసిన గట్టు నిలువుగా ఉంది, లోపలి వైపు అదే నది పరిచిన ఇసుక వాలుగా ఉంది. ఒక ఒడ్డున పోయిన రైతు, ఎదుటి ఒడ్డున కౌలు పట్టా కోసం అర్జీ పెట్టుకునే రైతు, ఇద్దరూ ఒకే నీటి గీతకు రెండు వైపులని ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తట్టలేదు. అర్జీలు మాత్రం వందల కొద్దీ చూశాను.

మన సభ్యులు ఆసుపత్రి పని మీదో, పెళ్ళిళ్ళకో, పుష్కరాలకో రాజమండ్రి వెళ్ళక మానరు. అమలాపురం నుంచి రావులపాలెం మీదుగా బస్సులో సుమారు రెండు గంటలు. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి పోయే రోజులతో పోలిస్తే అదొక ప్రయాణమే కాదు. మనవల్ని వెంటబెట్టుకుని ఒక గంట ఆ చిత్రశాలలో గడపవలసిందిగా నా మనవి. వెళ్ళేటప్పుడు వంతెన మీద నుంచి గౌతమిని ఒకసారి చూసుకుని వెళ్ళండి. శ్రావణంలో అయితే ఎర్రనీరు, మాఘంలో అయితే ఇసుక మీద గాలి వేసిన అలల గీతలు, ఎప్పుడు వెళ్ళినా ఏదో ఒకటి ఉంటుంది. చూసి వెళితే అక్కడ బొమ్మలు తొందరగా అర్థమవుతాయి.

'కార్తీక పౌర్ణమి' గురించి చెబుతానన్నాను. ఆడవారు ఏటిలో దీపాలు వదిలే దృశ్యం అది. మన కాలవ రేవుల్లో ఏటా చూసేదే. అరటి దొన్నెలో వత్తి వెలిగించి నీటి మీద పెట్టి, వేలితో నీటిని వెనక్కి తోస్తే దొన్నె ముందుకు పోతుంది. ఆ బొమ్మ ముందు నిలబడ్డప్పుడు మా ఇంటావిడ కళ్ళకు దీపాలూ మనుషులూ కలిసిపోయి, రంగు మాత్రమే కనిపించిందట. అయినా అది నీరేనని ఆవిడ నేను చెప్పకముందే చెప్పింది.